ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు, మరి నా కడుపు ఎందుకు కదలదు?

రాయగడ జిల్లాలో వంశధార ఒడ్డునున్న ఒక ఊరి నుంచి ఈ ఉత్తరం వచ్చింది. రాసినామెకు 42 ఏళ్ళు. పుట్టిల్లు పాలకొండ వైపు. పెళ్ళయి ఒడిశాకు వచ్చి 20 ఏళ్ళు దాటింది. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు కాబట్టి ఒడియా తనకు బజారు పనుల వరకే వచ్చంటారు. షుగరు వచ్చి 15 ఏళ్ళు, ఇన్సులిన్ మొదలుపెట్టి 4 ఏళ్ళు.

ఏడాదిగా నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోందట. పైపొట్ట రాయిలా బిగుసుకుంటుంది. వారానికి రెండు మూడుసార్లు వాంతి. "పొద్దున్న తిన్న అన్నం మెతుకులు రాత్రి వాంతిలో అలాగే కనిపిస్తాయి" అని రాశారు. ఇంత బరువెక్కిన కడుపు అర్ధరాత్రి గుడగుడమంటుంది. మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకుని తిన్న గంటకే చెమటలు, వణుకు. అదే రోజు రాత్రి చూసుకుంటే షుగరు 300 దాటి ఉంటుంది. ఏడాదిలో 6 కిలోలు తగ్గారు.

ఊళ్ళో డాక్టరుగారు గ్యాస్ అని పాంటోప్రజోల్ రాస్తున్నారు. దసరాకు ముందు వేరే ఊళ్ళో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎండోస్కోపీ చేయించారు. "కడుపులో ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారట. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఆమె పరిస్థితి మారిపోయింది. భర్త "చూశావా, ఏమీ లేదన్నారు" అంటున్నారు. అత్తగారు "నా చేతి వంట నీకు ఎక్కదు" అంటూ కంచం పక్కన కూర్చుని మరీ వడ్డిస్తున్నారు. ఆమె ఎలాగో మింగి, తర్వాత పెరట్లోకి వెళ్ళి ఎవరికీ వినపడకుండా వాంతి చేసుకోవడం అలవాటు చేసుకున్నారు. పక్కింటావిడ కడుపు మీద వాతలు వేయిస్తే తగ్గుతుందంటే, అత్తగారు ఆ మాట వదలడం లేదు.

ప్లస్ టూ సైన్సు చదివే కూతురు "కడుపుకి కూడా గుండెలాగే కరెంటు ఉంటుందట, నీకు అది తప్పిందేమో అమ్మా" అంటే అందరూ నవ్వారట. ఆ మాట నిజమేనా అని ఈమె అడుగుతున్నారు. నిజమైతే మళ్ళీ బాగవుతుందా, పరీక్షలకు విశాఖ వెళ్ళాలా, అక్కడా ఏమీ లేదంటే ఇంట్లో ముఖం ఎలా చూపించాలి? కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండొచ్చా? మాఘంలో పర్లాకిమిడిలో మేనకోడలి పెళ్ళి ఉంది, బంతిలో అందరి ముందూ ఎలా తినాలి?

*

అమ్మా,

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు నన్ను కంగారు పెట్టింది వాంతి కాదు, మధ్యాహ్నం పట్టే చెమటలు. ఆ సంగతి చెప్పాక మిగతావాటికి వస్తాను.

తిన్న అన్నంలోని చక్కెర కడుపులోంచి రక్తంలోకి రాదు. అన్నం కడుపు దాటి చిన్నపేగులోకి వెళ్ళాకే వస్తుంది. మీరు వేసుకున్న ఇన్సులిన్ వేళకు పని మొదలుపెడుతోంది. అన్నం మాత్రం వేళకు పేగుకు చేరడం లేదనిపిస్తోంది. అందుకే ముందు షుగరు పడిపోతోంది, చాలాసేపటికి అన్నం పేగులోకి జారాక 300కి ఎక్కుతోంది. ఇన్సులిన్ ఏ రకం, ఎంత, తినడానికి ఎంత ముందు లేదా తర్వాత వేసుకోవాలి అన్నది మీ డాక్టరు ఈ వారంలోనే మళ్ళీ చూడాలి. మీ అంతట మీరు మోతాదు మార్చొద్దు, మానొద్దు. ఈలోగా చెమటలు పట్టినప్పుడు బిస్కట్లు, లడ్డు తినకండి, అవి కూడా కడుపులోనే ఆగిపోతాయి. గ్లూకోజు నీళ్ళలో కలుపుకుని తాగండి. గట్టి తిండి కన్నా నీళ్ళు కడుపులోంచి త్వరగా దిగుతాయి. పావుగంటకు మళ్ళీ షుగరు చూసుకోండి. ఈ సంగతి మీ వారికీ అమ్మాయికీ తెలిసి ఉండాలి.

ఇక అమ్మాయి మాట. ఆమె చెప్పింది నిజం.

నేను చదువుకునే రోజుల్లో ఫిజియాలజీ ల్యాబులో మాకు ఒక ప్రయోగం ఉండేది. కుందేలు చిన్నపేగులో రెండు అంగుళాల ముక్క కోసి, 37 డిగ్రీల వెచ్చని ఉప్పు ద్రావణంలో వేలాడదీసి, గాలి బుడగలు పంపేవారు. పేగుకు కట్టిన దారం ఒక పుల్లను కదిపితే, ఆ పుల్ల పొగ పట్టించిన డ్రమ్ము మీద గీత గీసేది. ఆ ముక్కకు మెదడు లేదు, వెన్నుపాము లేదు, ఆకలి లేదు, టెన్షన్ లేదు. అయినా అది సాగుతూ ముడుచుకుంటూ, సముద్రపు అలల్లా ఒకే దూరంలో గీతలు గీస్తూనే ఉండేది. ఆ పూట అయిపోయి మేం వెళ్ళిపోతున్నా అది ఆగలేదు. ఎవరు చెబితే కదులుతోందని ఆ రోజు మాస్టారిని అడిగాను. ఆయన చెప్పిన జవాబు అప్పటికి సగమే సరైనది. మిగతా సగం తర్వాత తేలింది.

పేగు గోడలో రెండు కండర పొరలు ఉంటాయి, ఒకటి నిలువుగా, ఒకటి గుండ్రంగా. ఆ రెంటి మధ్యా, నరాల అల్లిక పక్కనే, చెట్టు వేళ్ళలాంటి కొమ్మలున్న సన్నని కణాలు వలలా పరుచుకుని ఉంటాయి. స్పెయిన్ శాస్త్రవేత్త శాంతియాగో రామోన్ ఇ కహాల్ 19వ శతాబ్దం చివర్లో వాటిని చూసి బొమ్మ గీశాడు. నరాల మీద పరిశోధనకు 1906లో నోబెల్ అందుకున్నది ఆయనే. ఇవీ ఒక రకం నరకణాలే అనుకున్నాడు. ఆయన పేరుతోనే ఇప్పటికీ కహాల్ కణాలంటారు. అవి నరకణాలు కావనీ, పాటకు తాళం వేసినట్టు కండరానికి లయ ఇచ్చేది అవేననీ గట్టిగా తేలడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. పుట్టుకతోనే ఆ కణాల వల సరిగా ఏర్పడని ఎలుకలను 1990లలో పరీక్షిస్తే, చిన్నపేగు కండరం బాగానే ఉంది, నరాలూ ఉన్నాయి, తాళం మాత్రం లేదు.

ఆ తాళం ఎలా పుడుతుందో మీ అమ్మాయికి చెప్పండి, ఆమెకు అర్థమవుతుంది. కహాల్ కణం లోపల కాల్షియం దాచుకునే అరలు ఉంటాయి. వాటిలోంచి కాల్షియం కొద్దికొద్దిగా బయటికి చిమ్ముతుంది. ఆ కాల్షియం తగలగానే కణం పైపొరలో క్లోరైడు ద్వారాలు తెరుచుకుంటాయి. అనో1 అనే ప్రోటీనుతో తయారైన ద్వారాలివి. క్లోరైడు రుణావేశం కదా, అది బయటికి పోయేసరికి కణం లోపలి రుణ వోల్టేజీ తగ్గుతుంది. అది చూసి పక్క కణం, దాన్ని చూసి ఆ పక్కది. అలా ఒక విద్యుత్తు అల వల పొడవునా నడుస్తుంది. తర్వాత పంపులు కాల్షియాన్ని మళ్ళీ అరల్లోకి తోడేస్తాయి, కణం యథాస్థితికి వస్తుంది, మళ్ళీ మొదలు. బయటి నుంచి వచ్చే కరెంటు కాదిది, ఉప్పులోని ఆవేశాలు గోడకు ఇటూ అటూ మారడం వల్ల పుట్టేది.

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే, మనిషి కడుపు తాళం నిమిషానికి 3. అంటే 20 సెకన్లకో అల. కడుపు పైభాగంలో, ఎడమవైపు వంపు దగ్గర మొదలై కింద ద్వారం వైపు నడుస్తుంది. చిన్నపేగు మొదట్లో నిమిషానికి 12 దాకా ఉండి, చివరికి వచ్చేసరికి 8కి దిగుతుంది. 1921లో కాలిఫోర్నియాలో వాల్టర్ అల్వారెజ్ అనే డాక్టరు, పొట్ట చర్మం బాగా పలచబడిన ఒక వృద్ధురాలికి చర్మం మీదే తీగలు పెట్టి ఈ 3 అలలను గీయించాడు. నూరేళ్ళ కిందట కాగితం మీద పడిన గీత అది. మీ ఇంట్లో నవ్వినవాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. కానీ ఆ అమ్మాయిని ఒకసారి పిలిచి, నువ్వు చెప్పింది నిజమేనని అందరి ముందూ అనండి.

ఇప్పుడు ఎండోస్కోపీ సంగతి. మీ ఊళ్ళోనూ రథయాత్ర జరుగుతుంది కదా. రథం మీద నిలబడి గంట కొడతారు. ఆ దెబ్బకు తాడు పట్టిన వందలమంది ఒక్కసారిగా లాగుతారు. గంట దెబ్బ లాగదు, లాగేది మనుషులు. కానీ గంట ఆగిపోయినా, ఇద్దరు చెరో వైపు చెరో వేళలో కొట్టినా, తాడు గట్టిదే, మనుషులు బలమైనవాళ్ళే, రథం మాత్రం కదలదు. అప్పుడు ఆ రథాన్ని ఫోటో తీసి చూస్తే ఏం కనిపిస్తుంది? చక్రం విరగలేదు, తాడు తెగలేదు. ఎండోస్కోపీ అలాంటి ఫోటో. పుండు లేదని, గడ్డ లేదని, కింద ద్వారం మూసుకుపోలేదని చెప్పింది. అది చాలా విలువైన కబురు, ఎందుకంటే పొద్దుటి అన్నం రాత్రి వాంతిలో కనిపిస్తే ముందుగా భయపడాల్సింది ఆ అడ్డు గురించే. కానీ గంట మోగుతోందా లేదా అన్నది కెమెరాకు కనిపించదు. "మాకు కనిపించేది ఏమీ లేదు" అన్న మాట మీ ఇంటికి చేరేసరికి "నీకు ఏమీ లేదు" అయింది. ఆ రెండూ ఒకటి కావు.

గంట ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. అల వచ్చిన ప్రతిసారీ కండరం గట్టిగా ముడుచుకోదు. అన్నం పడి కడుపు సాగినప్పుడు, నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదిలినప్పుడు, అదే అల మీద కండరంలోకి కాల్షియం ఎక్కువగా దూరి గట్టిగా లాగుతుంది. అలా మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల రేణువులయ్యేదాకా నూరి పేగులోకి పంపుతుంది. కడుపు పై అరకు మాత్రం ఈ తాళం ఉండదు. దాని పని మెత్తబడి చోటివ్వడం. అది మెత్తబడకపోయినా నాలుగు ముద్దలకే నిండినట్టు ఉంటుంది. కాబట్టి మీ బాధలో తాళం తప్పడం ఎంత, చోటివ్వకపోవడం ఎంత, నరాలు దెబ్బతినడం ఎంత అన్నది ఉత్తరం చదివి నేను తేల్చలేను. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళలో కడుపుకు వెళ్ళే వేగస్ నరం దెబ్బతినడం, కహాల్ కణాల వల పలచబడటం రెండూ జరుగుతాయి. మీరు రాసిన లక్షణాలు దానికి దగ్గరగా ఉన్నాయి. డాక్టర్లు దాన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు, కడుపు ఖాళీ కావడం ఆలస్యమయ్యే జబ్బు.

మళ్ళీ బాగవుతుందా అన్నారు. ఒక భాగం ఇప్పటి నుంచే మీ చేతిలో ఉంది. రక్తంలో షుగరు బాగా ఎక్కువున్న వేళల్లో, నరాలూ కణాలూ బాగున్నవాళ్ళకు కూడా కడుపు తాళం చెదురుతుంది, అన్నం దిగడం ఆలస్యమవుతుంది. షుగరు దిగితే ఆ మేరకు తేరుకుంటుంది. మీది ఒక విషవలయంలా తిరుగుతోంది. కడుపు ఆలస్యం వల్ల షుగరు ఎగుడుదిగుళ్ళు, ఆ ఎగుడుదిగుళ్ళ వల్ల కడుపు మరింత ఆలస్యం. దాన్ని ఇన్సులిన్ వేళ దగ్గర తెంపడం అన్నిటికన్నా తేలిక. ఏళ్ళుగా దెబ్బతిన్న నరం మాత్రం పూర్తిగా మునుపటిలా అవుతుందని చెప్పలేను. చాలామంది తిండి మార్చుకుని, మందులతో, వాంతులు లేకుండా బతుకుతున్నారు.

అర్ధరాత్రి గుడగుడకు భయపడొద్దు. తిననప్పుడు సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకోసారి కడుపు నుంచి చిన్నపేగు చివరిదాకా ఊడ్చినట్టు ఒక బలమైన అలల గుంపు సాగుతుంది. మిగిలిన పీచు, రేణువులు దాంతో పోతాయి. తినగానే అది ఆగి, నూరే పని మొదలవుతుంది. మీరు వింటున్న శబ్దం ఎక్కువగా పేగుల్లోది.

పరీక్షకు వెళ్ళాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. నాకు తెలిసినంతవరకు మీ ముందు రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, ఇప్పుడే వెళ్ళడం. చేయించాల్సింది మళ్ళీ ఎండోస్కోపీ కాదు, కడుపు ఖాళీ అయ్యే వేగం కొలిచే స్కాన్. చాలా కొద్ది రేడియోధార్మిక పదార్థం కలిపిన తిండి పెట్టి, 4 గంటల్లో నాలుగైదుసార్లు ఫోటో తీస్తారు. 4 గంటలయ్యాక తిన్నదాంట్లో 10 శాతానికి మించి కడుపులోనే ఉంటే ఆలస్యం ఉన్నట్టు. ఇది న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్నచోటే చేస్తారు. కాబట్టి విశాఖ అయినా, బ్రహ్మపుర అయినా, రైలెక్కే ముందు ఫోన్ చేసి అడగండి. ఆ తిండి చాలాచోట్ల గుడ్డు తెల్లసొన, బ్రెడ్డు. కార్తీకంలో మీరు గుడ్డు ముట్టకపోతే ముందే చెప్పండి, కొన్నిచోట్ల వేరేది పెడతారు. ఆ రోజు పొద్దున్న షుగరు బాగా ఎక్కువుంటే ఫలితం తప్పుతుంది, అందుకే ముందు ఇన్సులిన్ సర్దించుకుని వెళ్ళడం మంచిది. ఖర్చు అవుతుంది, మీ వారికి దుకాణమో పనో రెండు రోజులు ఆగుతుంది. కానీ కాగితం మీద ఒక పేరు వస్తుంది. మీ ఇంట్లో ఆ పేరుకు ఇప్పుడు మందుకున్నంత విలువ ఉంది.

రెండోది, ముందు నాలుగు వారాలు మీ ఊళ్ళోనే తిండి, ఇన్సులిన్ మార్చి చూడటం. తేరుకుంటే ప్రయాణం తప్పుతుంది. తేరుకోకపోతే నాలుగు వారాలు పోయినట్టు. మీరు ఇప్పటికే 6 కిలోలు తగ్గారు కాబట్టి, ఇంకా ఒక్క కిలో తగ్గినా ఆగకుండా మొదటి దారికి రండి. ఏ దారిలో ఉన్నా, నీళ్ళు కూడా నిలవకుండా వాంతులైతే, వాంతితో పాటు ఆయాసం, మత్తు ఉంటే, వాంతిలో రక్తం వచ్చినా, విరేచనం నల్లగా తారులా అయినా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

స్కాన్ మామూలుగానే ఉందంటే ముఖం ఎలా చూపించాలి అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కడుపు వేళకే ఖాళీ అవుతున్నా ఇవే బాధలు పడేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ కడుపు చోటివ్వకపోవచ్చు, కొద్దిపాటి సాగుదలకే నరాలు ఎక్కువగా స్పందించవచ్చు. దానికీ పేరుంది, ఫంక్షనల్ డిస్పెప్సియా. దానికీ వైద్యముంది. మామూలుగా వచ్చిన రిపోర్టు మీరు అబద్ధం చెబుతున్నారనడానికి రుజువు కాదు. ఈ మాట వెళ్ళే ముందే మీ వారికి చెప్పండి, వచ్చాక చెబితే సర్దిచెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది.

డాక్టరు దగ్గర మాట సంగతి కూడా చూడాలి. ఒడియాలో సరైన మాట దొరక్క మీరు "గ్యాస్" అన్నానని రాశారు. ఆ ఒక్క మాట మీ ఏడాదిని తినేసింది. తేన్పులూ గ్యాసే, మంటా గ్యాసే, బిగుసుకోవడమూ గ్యాసే అయితే ఏ డాక్టరైనా యాసిడ్ మాత్రే రాస్తాడు. పాంటోప్రజోల్ పులుపు తగ్గిస్తుంది, తాళం సరిచేయదు. ఒక నోటుబుక్కులో రెండు వారాలు రాయండి. ఏం తిన్నారు, ఎప్పుడు, ఇన్సులిన్ ఎప్పుడు, షుగరు ఎంత, వాంతి ఎప్పుడు, అందులో ఏ పూట తిన్నది కనిపించింది. తెలుగులోనే రాయండి. మీ అమ్మాయి పక్క పేజీలో ఒడియాలో రాస్తుంది. "పొద్దుటి మెతుకులు రాత్రి" అన్న ఆ ఒక్క వాక్యం డాక్టరు ఆలోచనను మారుస్తుంది. వేసుకునే మాత్రలన్నీ చీటీతో సహా తీసుకెళ్ళండి. కడుపునొప్పికి మందుల షాపులో ఇచ్చే డైసైక్లోమైన్, నిద్రకో తలనొప్పికో రాసే అమిట్రిప్టిలిన్, షుగరుకూ బరువుకూ ఇస్తున్న సెమాగ్లుటైడ్ లాంటివి కడుపును ఇంకా నెమ్మది చేస్తాయి. వాటిలో ఏదైనా మీ సంచిలో ఉందేమో చూపించి అడగండి.

కడుపు కదలికకు మందులున్నాయి, కానీ షాపులో అడిగి కొనకండి. మెటోక్లోప్రమైడ్ నెలల తరబడి వాడితే ముఖం, నాలుక వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు, అది కొందరికి మందు మానినా పోదు. డాంపెరిడోన్ కొందరి గుండె లయను చెదరగొడుతుంది, ఒక ఈసీజీ చూసి ఇవ్వడం మంచిది. తక్కువ మోతాదు ఎరిత్రోమైసిన్ బాగా కదిలిస్తుంది గానీ కొన్ని వారాల్లో దాని పస తగ్గుతుంది. ఎవరైనా కడుపుకి పేస్‌మేకర్ అంటే, అలాంటి పరికరం ఉన్న మాట నిజమే. అయితే అది పోయిన తాళాన్ని తిరిగి తేదు, కొందరికి వాంతులు తగ్గిస్తుంది, అంతే. మందులన్నీ విఫలమయ్యాక ఆలోచించేది, మీరు ఆ దగ్గరలో కూడా లేరు.

వాతలు మాత్రం ఒప్పుకోకండి. ఇందులో రెండో దారి లేదు. 15 ఏళ్ళ షుగరున్న ఒంటి మీద కాలిన పుండు ఓ పట్టాన మానదు, చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది. చర్మం మీద పెట్టిన వేడి లోపలి కణాలకు ఏ విధంగానూ మేలు చేయదు. ఈ ఒక్క విషయంలో మీ వారు వాళ్ళమ్మకు అడ్డు నిలబడాలి. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

తిండి గురించి. మూడు పూటల కంచాన్ని ఐదారు చిన్న గిన్నెలు చేయండి. నూనె, కొవ్వు కడుపును నెమ్మది చేస్తాయి. పీచూ తొక్కా కడుపులో ముద్దకట్టి మిగిలిపోతాయి. కాబట్టి షుగరువాళ్ళకు అందరూ చెప్పే పచ్చికూరలు, మొలకలు మీకు ఇప్పుడు పనికిరావు. ఈ తేడా డాక్టరు దగ్గర గుర్తుచేయండి. మెత్తగా ఉడికిన చారన్నం, మజ్జిగన్నం, పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) పలచగా చేసి మెతుకులు నలిపింది, తొక్క తీసి బాగా ఉడికించిన కూరలతో దాల్మా (పప్పు), వడకట్టిన చోడి (రాగి) అంబలి. ఇవన్నీ మీ ఇంట్లో ఉండేవే. అన్నమైనా అంబలైనా షుగరు పెంచేవే, అందుకే ఎంత అన్నది ఇన్సులిన్‌తో కలిపి లెక్కేయాలి. తిన్న వెంటనే పడుకోకండి. వీధి చివరిదాకా నెమ్మదిగా నడిచి రండి.

మీ అత్తగారి మీద నాకు కోపం రాలేదు. ఆమెకు తెలిసిన ప్రేమ వడ్డించడమే. కంచం తిరిగొస్తే తనను తోసేసినట్టు అనిపిస్తోంది. కానీ ఆమె పక్కన కూర్చుని చూస్తూ ఉండటం కూడా మీ కడుపును ఆపుతోంది. 1898లో వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త, కొత్తగా వచ్చిన ఎక్స్‌రేలతో పిల్లుల కడుపు చూస్తూ ఉండగా, పిల్లి బెదిరినప్పుడల్లా కడుపు అలలు ఆగిపోయేవని, నిమిరి శాంతపరిస్తే మళ్ళీ మొదలయ్యేవని రాశాడు. కాబట్టి టెన్షన్ అన్న మాటలో కొంత నిజముంది. కానీ టెన్షన్ అంటే నటన కాదు. నరాల మీదుగా దిగి కండరాన్ని నిజంగానే ఆపే విషయం అది.

మీరు ఇప్పటిలా పెరట్లో దాచుకుంటూ ఉండొచ్చు. ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ మీరు ఎంత తింటున్నారో ఎవరికీ తెలియదు, ఇన్సులిన్ లెక్క రోజూ తప్పుతుంది, ఏదో రోజు ఒంటరిగా పడిపోతారు. గొడవపడి చెప్పొచ్చు, అప్పుడు మాట వంట మీదికే పోతుంది. మూడోది, ఆమెకు ఒక పని అప్పజెప్పడం. "అత్తయ్యా, డాక్టరు ఇలా గిన్నెలో కొంచెం కొంచెం, మెత్తగా పెట్టమన్నారు, మీరైతేనే కుదురుతుంది" అని ఆ చిన్న గిన్నె ఆమె చేతికే ఇవ్వండి. వెంటనే మారిపోతారని చెప్పను. పెద్ద కంచం బదులు చిన్న గిన్నె ముందుకొస్తే చాలు. రథం మాట ఆమెకు నాకన్నా బాగా తెలుసు, మీ అమ్మాయి చేత చెప్పించండి.

కార్తీక సోమవారాలు ఈ ఏడాది వదిలేయమని నా కోరిక. పగలంతా ఖాళీ, దాని మీద ఇన్సులిన్, చుక్క చూశాక ఒక్కసారిగా భోజనం. మీ కడుపుకు ఇంతకన్నా కష్టమైన రోజు ఉండదు. ఉండకపోతే మనసు ఒప్పదంటే, ముందే డాక్టరుతో ఇన్సులిన్ సంగతి మాట్లాడి, రెండు మూడు గంటలకోసారి పాలో, పలచని జావో తీసుకుంటూ, సాయంత్రం వంశధారలో దీపం వదిలి రండి. షుగరు పడిపోతే మాత్రం వ్రతం అనుకోకుండా వెంటనే గ్లూకోజు తాగాలి.

పర్లాకిమిడి పెళ్ళికి తప్పకుండా వెళ్ళండి. బంతికి గంట ముందు విడిదిలో మీ గిన్నె మీరు తినేయండి. బంతిలో మీ వారి పక్కన కూర్చోండి. ముందు చారు, పెరుగు అడగండి. గారెలూ బూరెలూ వస్తే మీ విస్తరి మీద చేయి అడ్డం పెట్టి వద్దనే పని మీ వారిది. ఆయన ముందే ఒప్పుకుంటేనే అక్కడ ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయరు. గ్లూకోజు పొట్లం, ఒక నీళ్ళ సీసా మీ చేతిసంచిలోనే ఉంచుకోండి, సామాను పెట్టెలో వేయొద్దు.